ఎముకలో ఉండాల్సిన కాల్షియం కండరంలో ఎందుకు చేరుతుంది? – ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఎక్స్‌రే రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ (ఉండకూడని చోట కాల్షియం చేరి గట్టిపడటం) అన్న మాట కనబడగానే చాలామంది చేసే మొదటి పని కాల్షియం మాత్ర మానేయడం. రెండో పని పాలు, పెరుగు మానేయడం. ఈ రెండూ చేసినా, ఉదాహరణకు భుజంలో పేరుకున్న కాల్షియం ముక్క ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. ఎందుకు తగ్గదో తెలిస్తే ఈరోజు విషయం సగం తెలిసినట్టే, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

పెద్దవాళ్ల ఒంట్లో కిలో పైచిలుకు కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది బహు స్వల్పం: డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు, మూత్రపిండాలు, విటమిన్ డి, ఈ మూడూ కలిసి ఆ అంకెను పెద్దగా కదలనివ్వవు. తిండిలో కాల్షియం తగ్గించారనుకోండి, పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, ఎముకలోంచి తీసి రక్తంలో లోటు పూడుస్తుంది. భుజంలో ముక్క భుజంలోనే ఉంటుంది, పలచబడేది ఎముక.

అందుకని ప్రశ్నను తిరగేసి అడగాలి. కణాల చుట్టూ ఉండే ద్రవంలో కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ ఎప్పుడూ ఉంటాయి. అవి జత కట్టి స్ఫటికంగా మారడానికి సరిపడా గాఢతలోనే ఉంటాయి. మరి ఒళ్లంతా గట్టిపడిపోవడం లేదేం? అడ్డుకునేవి ఉన్నాయి గనక. పైరోఫాస్ఫేట్ అనే చిన్న అణువు స్ఫటికం మీద అతుక్కుని దాన్ని పెరగనివ్వదు. కాలేయం తయారుచేసే ఫెట్యుయిన్-ఏ అనే ప్రోటీన్ రక్తంలో ఏర్పడే అతిసూక్ష్మ రేణువులను చుట్టేసి, అవి ఎక్కడా పేరుకోకుండా చూస్తుంది. రక్తనాళం గోడలో మ్యాట్రిక్స్ జీఎల్ఏ ప్రోటీన్ అని ఇంకొకటి ఉంది, అది పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. రక్తం పలచబడటానికి ఇచ్చే వార్ఫరిన్ విటమిన్ కెకు అడ్డుపడుతుంది కాబట్టి ఆ కాపలా కూడా బలహీనపడుతుంది. దీని సంగతి కిడ్నీ రోగుల దగ్గర మళ్లీ వస్తుంది. పైరోఫాస్ఫేట్ తయారీకి కావలసిన ఈఎన్‌పీపీ1 జన్యువు పుట్టుకతోనే చెడితే, పసిబిడ్డ ధమనుల్లోనే కాల్షియం పేరుకుంటుంది. అడ్డుకట్ట విలువ ఎంతో ఆ ఒక్క జబ్బు చాలు చెప్పడానికి.

అంటే కాల్షియం చేరకూడని చోట చేరిందంటే మూడింట్లో ఒకటి జరిగి ఉండాలి. అడ్డుకునేవి తగ్గాయి, లేదా రక్తంలో కాల్షియమో ఫాస్ఫేటో మితిమీరింది, లేదా స్ఫటికం మొలకెత్తడానికి అక్కడ ఒక చోటు దొరికింది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మూడోదే. బతికి ఉన్న కణం తన లోపలి కాల్షియాన్ని బయటికంటే సుమారు పది వేల రెట్లు తక్కువగా ఉంచుకుంటుంది, నిరంతరం బయటికి తోడేస్తూ. కణం చచ్చిపోతే ఆ తోడే పని ఆగిపోతుంది. కాల్షియం లోపలికి చొరబడి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో చేరుతుంది. చిరిగిన పొరల్లో ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు పదార్థాలు కాల్షియాన్ని పట్టుకుంటాయి. మానిన క్షయ గ్రంథి, గర్భాశయంలోని పాత గడ్డ, అరిగిన గుండె కవాటం, ఇంజెక్షన్ వేసిన చోట చచ్చిన కొవ్వు – వీటన్నిటిలో జరిగేది ఇదే. రక్తపరీక్ష చేస్తే కాల్షియం, ఫాస్ఫేట్ మామూలుగానే ఉంటాయి. దీన్ని డిస్ట్రోఫిక్ కాల్సిఫికేషన్ అంటారు.

రక్తంలో అంకెలు పెరిగి వచ్చేదాని తీరు వేరు. అది దెబ్బతినని కణజాలంలో కూడా చేరుతుంది, ముఖ్యంగా మూత్రపిండాల్లో, ఊపిరితిత్తుల్లో, జీర్ణాశయం లోపలి పొరలో. ఈ మూడూ ఆమ్లాన్ని బయటికి పంపే అవయవాలు, అందువల్ల లోపలి వైపు కాస్త క్షారంగా ఉంటాయి. క్షారంలో కాల్షియం ఫాస్ఫేట్ తేలిగ్గా స్ఫటికమవుతుంది.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత పెద్దది’ అని కాదు, ‘రక్తంలో అంకెలు ఎలా ఉన్నాయి’ అని. కాల్షియం, అల్బుమిన్ అనే ప్రోటీన్, ఫాస్ఫేట్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడాలి. అవి తేడాగా ఉంటే పారాథైరాయిడ్ హార్మోన్, ఒంట్లో విటమిన్ డి నిల్వ చెప్పే 25-హైడ్రాక్సీ విటమిన్ డి. అల్బుమిన్ ఎందుకంటే, రక్తంలోని కాల్షియంలో సుమారు 40 శాతం దానికే అంటుకుని ఉంటుంది. అల్బుమిన్ డెసీలీటరుకు 4 గ్రాముల కంటే ఎంత తక్కువ ఉంటే, ఒక్కో గ్రాముకు 0.8 చొప్పున కాల్షియానికి కలపాలి. కాల్షియం 8.0, అల్బుమిన్ 2.5 అనుకుందాం. లోటు 1.5, దాన్ని 0.8తో గుణిస్తే 1.2. అసలు కాల్షియం 9.2, అంటే మామూలే. ఇంకో సంగతి. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే కాల్షియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన గొట్టంలోని రక్తం కాస్త కలిసిందా, కాల్షియం బాగా తక్కువ, పొటాషియం బాగా ఎక్కువ వస్తాయి. ఆ రెండూ జంటగా కనిపిస్తే రోగిని కాదు, శాంపిల్‌ని అనుమానించాలి.

ఇక బొమ్మల సంగతి. మొదట మామూలు ఎక్స్‌రే చాలు. సన్నటివి పట్టుకోవాలంటే సీటీ. అల్ట్రాసౌండ్‌లో తెల్లటి గీత, దాని వెనక నల్లటి నీడ కనిపిస్తాయి. ఎంఆర్ఐ ఖరీదైనది కదా అని అన్నిట్లోకీ మెరుగని అనుకోకండి, కాల్షియాన్ని చూడటంలో అది బలహీనం. నల్లటి మచ్చగా కనిపించి, కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి టెండన్‌లో కలిసిపోతుంది. ఎక్స్‌రే లేకుండా ఒక్క ఎంఆర్ఐ చూసి భుజంలో కాల్షియం లేదని తేల్చేయడం తరచుగా జరిగే పొరపాటు.

భుజం దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువమంది వచ్చేది దీనితోనే కాబట్టి. చేతిని పక్కకు లేపే సుప్రాస్పైనేటస్ టెండన్‌లో, అది ఎముకకు అతుక్కునే చోటుకు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ఇవతల ఈ ముక్క ఏర్పడుతుంది. 30 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. ఇది చచ్చిన కణజాలంలో చేరిన కాల్షియం కాదు. టెండన్ కణాలు మృదులాస్థి కణాల్లా మారి, తామే కాల్షియాన్ని పేరుస్తాయి, కొన్నాళ్లకు శరీరమే దాన్ని కరిగించేస్తుంది. పేరుకునే దశలో ముక్క సుద్దలా గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండకపోవచ్చు, ఉన్నా తక్కువ. కరిగే దశలో అది టూత్‌పేస్టులా మెత్తబడుతుంది, రక్తనాళాలు లోపలికి వస్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. రాత్రిపూట నిద్ర లేపేసే నొప్పి అప్పుడే. కొన్నిసార్లు పక్కనున్న బర్సాలోకి, అంటే రాపిడి తగ్గించే ద్రవపు సంచిలోకి పగులుతుంది, అప్పుడు చెయ్యి కదపనివ్వదు. ఎక్స్‌రేలో అంచులు స్పష్టంగా, చిక్కగా ఉంటే గట్టి దశ, అంచులు చెదిరి మబ్బుగా ఉంటే కరిగే దశ. నొప్పి భరించలేకుండా ఉన్న మనిషికి ‘ముక్క పెరుగుతోంది’ అని చెప్పడం చాలాసార్లు తప్పు. అది పోతోంది.

మొదట ఇచ్చేది నొప్పి మాత్రలు, వ్యాయామం. నెలల తరబడి తగ్గకపోతే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో కడగడం అనే పద్ధతి ఉంది. ఎలా చేస్తారో చెబుతాను. మనిషిని కూర్చోబెట్టకుండా పడుకోబెడతారు, కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి. చర్మానికి, బర్సాకు మత్తు ఇచ్చాక 16 లేదా 18 గేజ్ సూదిని ముక్క నడిమధ్యకు పోనిస్తారు. అవతలి గోడ చీలకూడదు, చీలితే ఒత్తిడి నిలవదు, కడిగిన ద్రవం వెనక్కి రాదు. సెలైన్ నింపిన సిరంజీ పిస్టన్‌ను బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కి వదులుతుంటారు. కాస్త వెచ్చని సెలైన్ అయితే త్వరగా కరుగుతుంది. సిరంజీని సూదికంటే కిందికి వంచి పట్టుకోవాలి. అప్పుడు వచ్చిన పొడి అడుక్కి చేరుతుంది, మళ్లీ లోపలికి పోదు. తెల్లగా మారగానే సిరంజీ మార్చి, నీరు తేటగా వచ్చేదాకా చేస్తారు. చివర్లో స్టెరాయిడ్ వేస్తారు, బర్సాలోకి మాత్రమే, టెండన్‌లోకి కాదు. ముక్క గట్టి దశలో ఉంటే సూది మొన కాల్షియంతో మూసుకుపోతుంది, రెండు చుక్కలు కూడా రావు. మెత్తటి దశలో అయితే బాగా వస్తుంది. తర్వాత రెండు మూడు రోజులు నొప్పి ఉండటం మామూలే, కొందరికి రెండు మూడు నెలలకు బర్సా వాచి మళ్లీ నొప్పి రావచ్చు.

ఇంతా చెప్పి ఒకటి దాచకూడదు. 2023లో వెలువడిన, 220 మందితో జరిగిన ప్రయోగంలో నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లకూ, కడిగినట్టు నటించినవాళ్లకూ నాలుగు నెలల తర్వాత నొప్పిలో గానీ చేతి పనితీరులో గానీ తేడా కనబడలేదు. జబ్బు దానంతటది తగ్గే తీరు అలాంటిది. కాబట్టి ఎవరైనా మొదటి వారంలోనే సూదికో ఆపరేషన్‌కో తొందరపెడితే, ఆగి ఇంకొకరిని అడగడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పటిదాకా చెప్పింది కాల్షియం పొడి చేరడం. కొన్నిచోట్ల పొడి కాదు, నిజమైన ఎముకే పుడుతుంది. తొడకో మోచేతికో గట్టి దెబ్బ తగిలి కండరంలో రక్తం గడ్డకడితే, రెండు నుంచి నాలుగు వారాల్లో అక్కడ ఎముక మొలవడం మొదలవుతుంది. పేరు మయోసైటిస్ ఆసిఫికన్స్. దీన్ని పెంచేది సాధారణంగా మనమే. వాచిన కండరాన్ని పిసకడం, కాపడం పెట్టడం, బిగుసుకున్న కీలును బలవంతంగా లాగడం – ఈ మూడూ లోపల కొత్తగా రక్తం కారేలా చేస్తాయి. మొదటి రోజుల్లో చేయాల్సింది చల్లటి కట్టు, ఒత్తిడి కట్టు, విశ్రాంతి. తొడ ముందు భాగానికి దెబ్బ అయితే మోకాలు మడిచి ఉంచి 24 గంటలు కట్టడం మేలు. ఆ తర్వాత కదలిక రోగి తనంతట తాను, నొప్పి హద్దులోనే చేయాలి. ఫిజియోథెరపీ చేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి: దెబ్బ తగిలిన మోచేయి రోజురోజుకూ వంగడం తగ్గుతుంటే ఇంకా గట్టిగా లాగకండి, ఎక్స్‌రే తీయించండి.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. మొదటి వారాల్లో బయాప్సీ తీస్తే మైక్రోస్కోపు కింద అది ఎముక క్యాన్సర్‌లా కనిపించగలదు. తేడా చెప్పేది సీటీ. దెబ్బ వల్ల వచ్చినదైతే గట్టిదనం అంచు చుట్టూ, మధ్యలో పలచన. ఎముక క్యాన్సర్‌లో సాధారణంగా తలకిందులు, మధ్యలో చిక్కన. తీసేయాల్సి వస్తే ఎముక పూర్తిగా పండేదాకా, అంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగాలి, ముందే కోస్తే మళ్లీ మొలుస్తుంది. తుంటి కీలు మార్పిడి తర్వాత ఇలాంటి ఎముక రాకుండా, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఇండోమెథసిన్ 25 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు కొన్ని వారాలు ఇస్తారు. లేదంటే 7 నుంచి 8 గ్రే రేడియేషన్ ఒకే ఒక్కసారి, ఆపరేషన్‌కు ముందు 24 గంటల్లోనో, తర్వాత 72 గంటల్లోనో. ఆ గడువు దాటితే పెద్దగా ఫలితం ఉండదు.

పిల్లల డాక్టర్లకు ఒక్క మాట. చిన్నపిల్లల వీపు మీదో మెడ మీదో ఉన్నట్టుండి గట్టి వాపులు వస్తే, సూది గుచ్చేముందు కాళ్ల బొటనవేళ్లు చూడండి. రెండు బొటనవేళ్లూ పుట్టుకతోనే పొట్టిగా, పక్కకు వంగి ఉంటే అది ఎఫ్ఓపీ, అంటే కండరాలు క్రమంగా ఎముకగా మారిపోయే అరుదైన జన్యు జబ్బు కావచ్చు. 2006లో దీనికి ఏసీవీఆర్1 జన్యువు కారణమని తేలింది. ఈ పిల్లలకు బయాప్సీ చేసినా, కండరంలోకి ఇంజెక్షన్ వేసినా ఆ చోటే ఎముక అవుతుంది. బొటనవేళ్లు చూడటానికి పది సెకన్లు పట్టదు.

ఇక కిడ్నీ రోగుల విషయం. మూత్రపిండాలు దెబ్బతింటే ఫాస్ఫేట్ బయటికి పోదు. రక్తంలో డెసీలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సింది పెరిగిపోతుంది. ఎక్కువైన ఫాస్ఫేట్ ఊరికే కాల్షియంతో కలిసి గోడలకు అంటుకోవడం మాత్రమే కాదు. రక్తనాళపు కండర కణాలు తమ గుణం మార్చుకుని ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. నాళం గోడ మధ్య పొర మొత్తం గట్టిపడుతుంది. మధుమేహంలోనూ ఇదే. అందుకే ఇలాంటివాళ్లకు చీలమండ దగ్గర బీపీ కొలిస్తే నాళం నొక్కుకోదు, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చీలమండ, చేతి బీపీల నిష్పత్తి 1.4 దాటితే ‘రక్తప్రసారం భేష్’ అని రాయకూడదు. కాలి వేలి దగ్గర కొలవాలి.

ఫాస్ఫేట్ తగ్గించే మాత్ర తిండిలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టుకోవాలి, అంటే ముద్దతో పాటు లోపలికి పోవాలి. భోజనమయ్యాక గంటకు వేసుకుంటే డబ్బు దండగ. చిరుతిండిలో కూడా ఫాస్ఫేట్ ఉంటుంది, దానికీ మాత్ర కావాలా అన్నది డాక్టరును అడగాలి. గింజల్లో, పప్పుల్లో ఉన్న ఫాస్ఫేట్ ఫైటేట్ రూపంలో ఉంటుంది, కొంత మాత్రమే ఒంటికి పడుతుంది. నిల్వ ఉండటానికి ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ ఉప్పులు దాదాపు మొత్తం పడతాయి. కాబట్టి పప్పు మాని, నల్లటి శీతల పానీయం తాగేవాళ్లు నష్టపోతారు. ప్యాకెట్ మీద పదార్థాల జాబితాలో ‘ఫాస్ఫేట్’, ‘ఫాస్ఫోరిక్’ అన్న ముక్కలు వెతకండి.

ఈ రోగుల్లో అన్నిటికంటే భయపడాల్సింది కాల్సిఫిలాక్సిస్, అంటే చర్మం కింది సన్నటి రక్తనాళాల్లో కాల్షియం చేరి అవి మూసుకుపోవడం. కడుపు, తొడల కొవ్వు దగ్గర చర్మం మీద వలలాంటి ఊదారంగు మచ్చలు, ముట్టుకోనివ్వని నొప్పి, తర్వాత నల్లటి పుండ్లు. మచ్చ చిన్నదైనా నొప్పి పెద్దదైతే ఆ రోజే చూపించాలి. ఇక్కడే వార్ఫరిన్ మళ్లీ వస్తుంది: వేసుకుంటున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. రోగి మానకూడదు, డాక్టరే ఆపి వేరే మందుకు మార్చాలి. కాల్షియం, విటమిన్ డి మందులు ఆపుతారు, సోడియం థయోసల్ఫేట్ సాధారణంగా 25 గ్రాములు డయాలిసిస్ చివరి గంటలో ఎక్కిస్తారు. దీనికి గట్టి ఆధారం ఇంకా తక్కువే. పుండు కుళ్లితే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి ప్రాణం మీదికి వస్తుంది, చనిపోయేవాళ్లలో ఎక్కువమంది దాంతోనే.

గుండె ధమనుల్లో కాల్షియం ఎంత ఉందో చెప్పే స్కోరు గురించి క్లుప్తంగా. సీటీలో చిక్కదనాన్ని కొలిచే కొలతలో 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటిన ప్రతి మచ్చ వైశాల్యాన్ని, దాని చిక్కదనాన్ని బట్టి 1 నుంచి 4 వరకు ఒక అంకెతో గుణించి కూడతారు. 1990లో అగాట్‌స్టన్ బృందం ఇచ్చిన పద్ధతి ఇది. సున్నా అయితే రాబోయే కొన్నేళ్లలో గుండెపోటు ముప్పు తక్కువ, 400 దాటితే ఎక్కువ. సున్నా అంటే కొవ్వు పూడికే లేదని కాదు, మెత్తటి పూడిక ఇందులో కనబడదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతుంటే స్కోరు పెరగవచ్చు. మందు మెత్తటి పూడికను గట్టిపరుస్తుంది, అది మంచిదే. అందుకే స్టాటిన్ మొదలుపెట్టాక ఏడాదికోసారి స్కోరు తీయించుకుని కంగారుపడటం అనవసరం.

సూదివల్ల వచ్చేది నర్సులు తెలుసుకోవాలి. రక్తంలోకి కాల్షియం ఎక్కించడానికి ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ నరంలోంచి జారి పక్కకు పోతే, కొద్ది రోజుల్లో ఆ చోట ఎర్రగా గట్టిగా వాస్తుంది, చీము అనుకుని కోసేస్తారు. ఎక్స్‌రే తీస్తే తెల్లగా కనబడుతుంది, ఎక్కువగా నెలల్లో దానంతటదే పోతుంది. 10 శాతం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లలో అసలు కాల్షియం సుమారు 93 మిల్లీగ్రాములు, అదే క్లోరైడ్‌లో సుమారు 272. చేతి సన్నటి నరంలోంచి ఇవ్వాలంటే గ్లూకోనేటే, పలుచన చేసి, నెమ్మదిగా, ముందు సెలైన్ పంపి దారి సరిగా ఉందో లేదో చూసుకుని.

సభలోంచి కొన్ని చీటీలు వచ్చాయి.

మొదటిది: వేళ్ల చివర గట్టి తెల్లటి గడ్డలు పగిలి సుద్దలాంటిది కారుతోంది, నొక్కి తీసేయవచ్చా అని. వద్దు. నొక్కితే ఇన్ఫెక్షన్ చేరుతుంది. స్క్లెరోడెర్మా, డెర్మటోమయోసైటిస్ అనే జబ్బుల్లో ఇలా వస్తుంది, ముందు ఆ జబ్బును చూడాలి. కరిగించే మందులని డిల్టియాజెమ్ వగైరా వాడతారు గానీ ఏదీ నమ్మకంగా పనిచేయదు. నొప్పిపెట్టేవాటిని శస్త్రచికిత్సతో తీస్తారు.

రెండోది: తలనొప్పికి సీటీ తీస్తే మెదడులో కాల్షియం చుక్కలు అన్నారు. పీనియల్ గ్రంథిలో అయితే పెద్దవాళ్లకు మామూలే. మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాలో రెండు వైపులా, అదీ చిన్న వయసులో అయితే కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ తప్పక చూడాలి, హార్మోన్ తక్కువైనా అక్కడ పేరుకుంటుంది. ఒకే చుక్క ఉండి మూర్ఛలు వస్తుంటే పాత బద్దెపురుగు తిత్తి అయి ఉండొచ్చు.

మూడోది మొదట్లో చెప్పినదే: మరి కాల్షియం మాత్ర వేసుకోవాలా, మానాలా? ఎముకల కోసం డాక్టరు రాసి, రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ మామూలుగా ఉంటే, భుజంలో ముక్క ఉందని మానక్కర్లేదు. కార్బొనేట్ మాత్రలో 40 శాతమే అసలు కాల్షియం: 1250 మిల్లీగ్రాముల మాత్రలో 500. ఒక్కసారికి 500కు మించి ఒంటికి సరిగా పట్టదు, దాన్ని భోజనంతోనే వేసుకోవాలి. తిండిలోదీ మాత్రలోదీ కలిపి రోజుకు 1000 నుంచి 1200 చాలు. రక్తంలో కాల్షియం ఎక్కువున్నా, కిడ్నీ జబ్బు ఉన్నా, 25-హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటినా మాత్ర ఆపి, మిగిలిన మందుల చీటీ మొత్తం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అజీర్తికి నమిలే తెల్ల మాత్రల్లో కూడా చాలాసార్లు కాల్షియం కార్బొనేటే ఉంటుంది. దాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, చీటీలో రాసి తీసుకెళ్లండి.